చైనా అవ్వ పెట్టిన అన్నం

నేను ఎగైలాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తాను. ఇల్లు మూడంతస్తులు. కింది రెండింటిలో మా మామా ఉంటుంది. ఇక్కడ పనిచేసే ఆడవాళ్ళమంతా ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తాం. భర్త పోయాక, పిల్లలు వేరు కాపురాలు పెట్టాక, పై అంతస్తు ఆమెకు అవసరం లేక అద్దెకిచ్చింది. ఆ ఏడు చలికాలం మొదట్లో అందులోకి ఒక చైనా కుటుంబం దిగింది. భర్త ఎక్కడో కొత్తగా కడుతున్న కాలనీలో ఇంజనీరు. భార్య, బడికి పోయే ఒక చిన్న పాప, అతని తల్లి. మెట్ల మీద ఎదురైతే నవ్వుకునేవాళ్ళం. అంతకు మించి పరిచయం లేదు.

మిద్దె మాత్రం అందరిదీ. నీళ్ళ ట్యాంకుల పక్కన, బట్టలారేసే తీగల కింద, చేపల అంగట్లో పారేసిన థర్మాకోల్ పెట్టెల్లో మన్ను పోసి నేను ఎర్ర తోటకూర వేసేదాన్ని. విత్తనాలు మా రాయచోటి వైపు ఆమె ఒకామె సెలవుకు పోయి వచ్చేటప్పుడు కాగితంలో పొట్లం కట్టి తెచ్చిచ్చింది. చలి తగ్గి, ఎండలు ముదరకముందు ఇక్కడ తోటకూర బాగా వస్తుంది. మామాకు ఆ పెట్టెలంటే పట్టింపు లేదు. ఒకసారి మిద్దెక్కినప్పుడు చూసి, "మేకను కూడా తెచ్చావా?" అని అడిగి నవ్వి దిగిపోయింది.

ఒకరోజు నీళ్ళు పోయడానికి వెళితే మొక్కలకు చివుళ్ళు లేవు. పావురాల పని అనుకున్నాను. వంగి చూస్తే కాదు. ప్రతి మొక్కనూ కణుపు మీద గోటితో గిల్లారు. అలా గిల్లితే పక్కల నుంచి మళ్ళీ చిగురేస్తుంది. తోటకూరను ఎరిగిన చెయ్యి అది. ఆ ఇంట్లో తోటకూరను ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటూ ఉన్నాను అప్పటిదాకా.

కోపం వచ్చిన మాట నిజం. ఆ కూర నాకు వారానికి ఒక్క పూటకే సరిపోయేది. శుక్రవారం మధ్యాహ్నం మామా కొడుకులూ కూతుళ్ళూ మనవలూ వచ్చి తిని వెళ్ళాక, పెద్ద పెద్ద గిన్నెలన్నీ తోమేశాక, నాకోసం చిన్న గిన్నెలో పప్పులో వేసి వండుకునేదాన్ని. వారమంతా ఆ పప్పు కోసం చూసేదాన్ని.

నాలుగైదు రోజుల తర్వాత సాయంత్రం బట్టలు తీసుకురావడానికి మిద్దెక్కాను. చైనా అవ్వ పెట్టెల ముందు గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో స్టీలు గిన్నె. నన్ను చూసి లేవబోయింది గానీ మోకాళ్ళు సహకరించక మళ్ళీ కూలబడింది. ముఖం కందిపోయింది. గిన్నెను రెండు చేతులతో ఎత్తి నా వైపు చాపింది. అడుగున గుప్పెడు ఆకు ఉంది, అంతే. నేను చెయ్యిచ్చి లేపాను.

"తీస్కో అవ్వా, తీస్కపో. ఆకే గదా" అన్నాను తెలుగులోనే.

ఆమె తన భాషలో పొడుగ్గా ఏదో చెప్పి గిన్నె నా చేతిలో పెట్టింది. నేను తిరిగి ఆమె చేతిలో పెట్టాను. ఆమె మళ్ళీ నాకు ఇచ్చింది. అలా కాసేపు పెనుగులాడి, చివరకు ఆమే ఓడిపోయి గిన్నె పట్టుకుని దిగిపోయింది. అంత పెద్ద మనిషి నా ముందు అలా తల దించుకోవడం చూసి నా కోపం ఎటు పోయిందో తెలియలేదు.

చీకటి పడే వేళకు వంటింటి వెనక తలుపు తట్టారు. ఆ ఇంటి కోడలు. చేతిలో బేరిపండ్ల పెట్టె. వెనక అవ్వ నిలబడి ఉంది. కోడలు ముందు ఇంగ్లీషులో నాది ఏ భాషో అడిగి, ఫోన్‌లో తన భాషలో ఏదో చెప్పి ఫోన్‌ను నా వైపు తిప్పింది. అందులోంచి తెలుగు వచ్చింది, వార్తలు చదివే ఆమె గొంతులాంటి గొంతుతో.

"నమస్కారం. నా అత్తగారు మీ మొక్కలను దొంగిలించినందుకు మేము మిక్కిలి సిగ్గుపడుచున్నాము."

నవ్వాపుకోలేకపోయాను. కువైట్‌కు వచ్చాక అంత మర్యాదైన తెలుగు నాతో ఎవరూ మాట్లాడలేదు. నేనూ ఫోన్‌లోకి, "దొంగతనమేంది మేడం, పెద్దామె యేందో ఇష్టపడి తీసుకునింది" అన్నాను. మా వైపు మాట ఫోన్‌కు అర్థం కాలేదు. అది ఏం చెప్పిందో గానీ కోడలు ఇంకా కంగారుపడింది. చివరకు బడిలో పాఠం అప్పజెప్పినట్టు నిదానంగా, "ఇది దొంగతనం కాదు. మీరు మళ్ళీ కోసుకోవచ్చు" అన్నాను. అప్పుడు అవ్వ ముఖం తేటపడింది.

కోడలు ఫోన్‌తోనూ, కొంత ఇంగ్లీషుతోనూ చెప్పుకొచ్చింది. అంతకు ముందు ఏడాది మామగారు పోయారు. తల్లిని ఒంటరిగా ఉంచడం ఇష్టం లేక కొడుకు ఇక్కడికి తెచ్చుకున్నాడు. వచ్చినప్పటి నుంచీ ఆమెకు తిండి సహించడం లేదు. కూరగాయలు కొనుక్కొచ్చినా ఏదో ఒకటి రుచి లేదని పక్కన పెట్టేది. చిక్కిపోయింది. మిద్దె మీద ఆ ఎర్ర ఆకు చూసిన రోజు, వాళ్ళ ఊళ్ళో పెరట్లో పెరిగే ఆకు ఇదేనని గుర్తుపట్టి, వండుకుని రెండు గిన్నెల అన్నం తిన్నదట.

"మా అత్తగారు శనివారము మధ్యాహ్నము మిమ్మల్ని భోజనమునకు ఆహ్వానించుచున్నారు. మీరు తినకూడని ఆహారములు ఏమైనా కలవా?"

ఈ దేశంలో ఇన్నేళ్ళుగా ఎవరో ఒకరికి అన్నం వండుతూనే ఉన్నాను. ఎవరికి ఉప్పు తక్కువ, ఎవరికి కారం పడదు, ఎవరికి చక్కెర జబ్బు అన్నీ నాకు తెలుసు. నువ్వేం తినవని నన్ను అడిగినవాళ్ళు లేరు. "ఆవు మాంసం తినను" అన్నాను. కోడలు దాన్ని అవ్వకు చెప్పింది. అవ్వ సరే సరే అన్నట్టు తలూపింది.

మామా దగ్గర సెలవు అడగాలి. ఆమె హాల్లో టీ తాగుతూ ఉంది. నేను నాకొచ్చిన అరబీలో, శనివారం మధ్యాహ్నం పైకి వెళ్ళి వస్తానని చెప్పాను.

"వాళ్ళకు ఇల్లు శుభ్రం చేయాలా? చేయిస్తే నాకు చెప్పాలి కదా" అంది మామా.

"కాదు మామా. అన్నానికి పిలిచారు."

"నిన్నా?"

"నన్నే."

ఆమె టీ గ్లాసు కిందపెట్టి నన్ను కాసేపు చూసింది. కోపమేమీ లేదు, ఆ సంగతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూసింది. శనివారం నేను బయల్దేరేటప్పుడు మాత్రం పిలిచి, ఖర్జూరాల డబ్బా చేతికిచ్చింది. "ఒకరింటికి ఉత్త చేతులతో పోకూడదు. యల్లా, వెళ్ళు" అంది.

నావంతుగా పొద్దున్నే శెనక్కాయల ఊరిమిండి నూరాను. శెనక్కాయల పచ్చడిని మా వైపు అలాగే అంటాం. ఎండుమిరపకాయలు తక్కువేసి, చింతపండు కొంచెం ఎక్కువేసి, చిన్న గిన్నెలో పెట్టుకుని వెళ్ళాను. పెట్టెలో ఉన్న చీరల్లో మంచిది కట్టుకున్నాను. ఎగైలాలో చీర కట్టి ఎన్నాళ్ళయిందో.

వాళ్ళింట్లోనూ చెప్పులు గుమ్మం బయటే విడుస్తారు. లోపలికి అడుగుపెట్టగానే అల్లం, వెల్లుల్లి వాసన. నా కాళ్ళు వాటంతటవే వంటింట్లోకి నడిచాయి. అవ్వ పిండి పలచగా చిన్న చిన్న బిళ్ళలుగా ఒత్తి, మధ్యలో కోడిగుడ్డు పొరటు, ఏదో వెల్లుల్లి వాసన వచ్చే ఆకు కలిపి పెట్టి మడుస్తోంది. అచ్చం కజ్జికాయలే. వీటిని నూనెలో వేయరు, నీళ్ళలో ఉడికిస్తారు. నేను చెయ్యి కడుక్కుని ఒకటి తీసుకుని మా అమ్మ నేర్పినట్టు అంచును జడలా తిప్పుతూ మడిచాను. అవ్వ దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి మనవరాలికి చూపించింది. ఆ పాప అలాంటివి ఇంకా కావాలంది. నాలుగు మడిచానో లేదో, అవ్వకు నేను అతిథినని గుర్తొచ్చింది. నా రెండు భుజాలూ పట్టి వంటింట్లోంచి బయటికి నడిపించి, బల్ల దగ్గర తలుపుకెదురుగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఇది ముఖ్య అతిథి ఆసనము" అంది ఫోన్.

మామా ఇంట్లో కుర్చీలు రోజూ నేనే తుడుస్తాను. ఏ కుర్చీ కాలు కదులుతుందో, దేని మీద మరక ఉందో కూడా తెలుసు. కానీ బల్ల ముందు కుర్చీలో కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆ రోజు నాకు తెలియలేదు. ఒళ్ళో పెట్టుకున్నాను. అవ్వా కోడలూ వంటలు తెచ్చి పెడుతుంటే లేవబోయాను. అవ్వ కొడుకు, "ప్లీజ్, ప్లీజ్" అంటూ చెయ్యి చూపించి కూర్చోమన్నాడు. అతనే గ్లాసులో వేడినీళ్ళు పోసి నా ముందు పెట్టాడు.

అల్లం ముక్కలూ ఉల్లికాడలూ వేసి ఆవిరి మీద ఉడికించిన నిండు చేప. దాని తల నావైపు తిప్పి పెట్టారు. టమేటాతో కోడిగుడ్డు. పెద్ద పళ్ళెంలో కజ్జికాయలు, నేను మడిచినవి విడిగా పాప ముందు. వెల్లుల్లి వేసి వేయించిన ఎర్ర తోటకూర. పాప ఆ కూర రసం అన్నంలో పోసుకుని కలుపుతుంటే అన్నమంతా గులాబీ రంగుకు తిరిగింది. తలా ఒక చిన్న గిన్నెలో అన్నం, పక్కన తినడానికి రెండేసి పుల్లలు. నాకు మాత్రం చెంచా పెట్టారు.

అందరూ నడుమనున్న పళ్ళేల్లోంచే పుల్లలతో తీసుకుని తింటున్నారు. అవ్వ చేపలో ముల్లు లేనిచోట మెత్తటి ముక్క తుంచి నోట్లో పెట్టుకుని ఉప్పు చూసింది. తర్వాత అదే పుల్లలతో అంతకన్నా మంచి ముక్క తీసి నా గిన్నెలో, అన్నం మీద పెట్టింది.

నా చెయ్యి ఆగిపోయింది.

మా ఇంట్లో ఎంగిలి పట్టింపు ఎక్కువ. అన్నం తింటున్న చేత్తో గిన్నె ముట్టుకుంటే మా అమ్మ ఊరుకునేది కాదు. నీళ్ళ చెంబు పైకెత్తి గొంతులో పోసుకోవలసిందే, పెదవి తగలకూడదు. నాకు పెళ్ళయి పిల్లలు పుట్టినా ఆ అలవాటు పోలేదు. నా బిడ్డ కొరికి ఇచ్చిన జామకాయ తినడానికి కూడా ఒక క్షణం ఆలోచించినదాన్ని. ఇప్పుడు నా అన్నం మీద ఎవరో పరాయి ముసలామె నోట్లో పెట్టుకున్న పుల్లలతో తీసిన ముక్క ఉంది.

నేను చెంచా పట్టుకుని ఊరికే కూర్చున్నాను. అవ్వ ఇంకో ముక్క తీయబోయింది. కొడుకు నా ముఖం చూశాడు. తల్లితో మెల్లగా ఏదో అని, లేచి వెళ్ళి పెద్ద గరిటె తెచ్చి పళ్ళెంలో పెట్టాడు. అవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. పుల్లలు బల్ల మీద పెట్టేసింది. మిద్దె మీద గిన్నె చాచిన రోజున ఉన్న ముఖమే మళ్ళీ వచ్చింది.

పాప నమలడం ఆపి పెద్దవాళ్ళను మార్చి మార్చి చూసింది.

నాకు మామా ఇంటి సింకు కింది అర గుర్తొచ్చింది. అందులో నా కంచం, నా గ్లాసు వేరేగా ఉంటాయి. నేను చేరిన రోజు అక్కడే ఉన్నాయి, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. దానికి నేనెప్పుడూ బాధపడలేదు. ఎవరింటి పద్ధతి వాళ్ళది అనుకున్నాను. కానీ మన చెయ్యి తగిలినదాన్ని ఎదుటి మనిషి పక్కన పెడితే ఎలా ఉంటుందో ఆ అవ్వ ముఖంలో చూశాక ఊరికే కూర్చోలేకపోయాను.

చెంచా పక్కన పెట్టి చేత్తో ఆ చేప ముక్కను అన్నంలో కలుపుకుని తిన్నాను. మెత్తగా ఉంది. అల్లం ఘాటు ముక్కులోకి ఎక్కింది. మింగి, గిన్నెను రెండు చేతులతో అవ్వ ముందుకు చాపాను.

"ఇంగొంచెం పెట్టవ్వా" అన్నాను.

మాట ఆమెకు తెలియదు. గిన్నె మాత్రం తెలిసింది. కొడుకు గరిటె అందించబోతే అవ్వ దాన్ని మోచేత్తో పక్కకు జరిపి, తన పుల్లలే తీసుకుని, చేప బుగ్గ దగ్గరి ముక్క వెతికి మరీ పెట్టింది. ఇక ఆగలేదు. కజ్జికాయలు, గుడ్డు, తోటకూర, నేను వద్దనే లోపల గిన్నెలో గుట్ట పోసింది.

నేనెందుకు ఆగానో వాళ్ళకు చెప్పాలనిపించింది. ఫోన్‌లోకి, "మాలో ఎంగిలి తినరు" అన్నాను. ఫోన్ చెప్పింది విని కోడలు అర్థంకాక, "నో ఇంగ్లీష్? యూ నో ఈట్ ఇంగ్లీష్?" అని అడిగింది. ఎంగిలి ఫోన్‌కు ఇంగ్లీషులాగా వినపడింది. ఆ మాటకు నేను నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయాను. తర్వాత చేతులతో, నోటితో సైగ చేసి చూపిస్తే అర్థమైంది. కోడలు కూడా నవ్వి, కరోనా వచ్చి వెళ్ళాక తామూ వడ్డించడానికి వేరే పుల్లలు పెడుతున్నామనీ, అత్తగారు మాత్రం వినరనీ చెప్పింది. తన పుల్లలతో పెట్టకపోతే ప్రేమ లేనట్టని ఆమె ఉద్దేశమట.

నేను తెచ్చిన ఊరిమిండిని ముందుగా రుచి చూసింది కొడుకు. కజ్జికాయను అందులో ముంచి తిని, ఇంకోటి ముంచాడు. తర్వాత గిన్నె చేతులు మారుతూ ఖాళీ అయింది. అవ్వకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కారానికి. అయినా మానలేదు.

తిన్నాక అవ్వ ఫోన్‌ను దగ్గరికి తీసుకుని అడిగింది. "మీ సంతానమునకు ఎవరు వంట చేయుచున్నారు?"

మా ఆయన చేస్తాడని చెప్పాను. ఆయన అంతకుముందు ఇక్కడే కువైట్‌లో, షువైఖ్‌లో గోడౌన్ల దగ్గర సరుకు దించే పనిచేసేవాడు. నడుము దెబ్బతిని ఇంటికి చేరాడు. తర్వాత నేను వచ్చాను. మొదట్లో ఆయనకు అన్నం వార్చడం కూడా రాదు. ఇప్పుడు అన్నీ చేస్తాడు. అవ్వ అంతా విని, "ఈ రోజు ఆయన ఏమి వండినారు?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. అయితే కనుక్కోమన్నట్టు నా ఫోన్ వైపు వేలు చూపించింది.

వీడియో కాల్ చేశాను. అక్కడ సాయంత్రం అవుతోంది. ఆయన వంటింట్లోనే ఉన్నాడు, భుజం మీద తువ్వాలు.

"ఏం జేచ్చాండావ్?" అన్నాను.

"బొరుగులు నానబెట్నా. పిల్లోళ్ళు బడి నించి వచ్చినారు, ఉగ్గాణి జేచ్చాండా. ఏం మే, ఈ యాళప్పుడు జేసినావ్? అంతా బాగేనా?" అని, నా చీర చూశాడు. "యాడికి పోయినావ్?"

"పైనింటోళ్ళు అన్నానికి పిల్చినారు."

ఇంతలో అవ్వ తన ముఖం ఫోన్‌కు అడ్డంగా పెట్టేసింది. మా ఆయన బిత్తరపోయి తువ్వాలు తీసి సర్దుకున్నాడు.

"ఎవురు మే ఈ పెద్దామె?"

"చైనా అవ్వ. నువ్వేం వండినావో చూడాలంట. బాండ్లి చూపీ."

ఆయన ఫోన్‌ను బాండ్లి మీదికి వంచాడు. తాళింపులో ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేగుతున్నాయి. అవ్వ కళ్ళు చిట్లించి చూసి ఏదో చెప్పింది. కోడలు ఫోన్ దాన్ని తెలుగు చేసింది. "మంట తగ్గించండి. ఉల్లిపాయలు మాడుచున్నవి."

"సరేమ్మా" అని మా ఆయన నిజంగానే మంట తగ్గించాడు. నా కూతురు వెనక నుంచి తొంగిచూసి, అవ్వకు చెయ్యి ఊపింది. అవ్వ మనవరాలు ఇటు నుంచి ఊపింది. ఆ ఇద్దరూ కాసేపు అలా ఊపుకుంటూనే ఉన్నారు. పెద్దవాళ్ళం మేం పక్కకు జరిగాం.

ఆ తర్వాత కుదిరినప్పుడల్లా శనివారం పైకి వెళ్ళేదాన్ని. ఒకసారి నేను పప్పు చేసి తీసుకెళ్ళాను, ఒకసారి అవ్వ చారులో నూడుల్స్ చేసింది. మిద్దె మీద కనిపించినప్పుడల్లా ఆమె నన్ను ఒకే ముక్క అడిగేది. నమస్కారం లాంటిదేమో అనుకుని నేను తలూపేదాన్ని. చాలా రోజుల తర్వాత కోడలిని అడిగితే, అన్నం తిన్నావా అని అర్థమంది. వాళ్ళ ఊళ్ళో పెద్దవాళ్ళు ఎదురైతే పలకరింపు అదేనట. మా ఊళ్ళోనూ అంతేనని చెప్పి, అవ్వకు తెలుగులో నేర్పాను. "తిన్యావా" అనడానికి ఆమెకు నాలిక తిరగక మూడు రకాలుగా అనేది.

ఎండలు ముదిరాక అవ్వ వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. కొడుకు పని అయిపోగానే మిగతావాళ్ళూ వెళ్ళారు. పై అంతస్తులోకి ఇప్పుడు ఎవరో కొత్త దంపతులు వచ్చారు. కోడలు అప్పుడప్పుడూ ఫోన్‌లో అవ్వ గొంతు రికార్డు చేసి పంపుతుంది. మొన్న శుక్రవారం మామా ఇంట్లో విందు అయ్యాక గిన్నెలు తోముతుంటే ఒకటి వచ్చింది. తడి చేతులు గుడ్డకు తుడుచుకుని విన్నాను.

"తిన్యావా?"

అప్పటికి నేనింకా తినలేదు. "తిన్యానవ్వా" అని జవాబు పంపించి, తోమే గిన్నె పక్కన పెట్టి, వెళ్ళి అన్నం పెట్టుకున్నాను.